అంకె కింద సన్న గీత

మా పిన్ని ఇరవై మూడు వేల నీళ్ళ పంపుల్ని ఒకే ఒక్క వారంలో, ఒంటి చేత్తో, ఒక్కటంటే ఒక్క బోల్టు కూడా రాలిపడకుండా ఒక డొక్కు పెట్టెలోంచి తీసి కొత్త పెట్టెలో సర్దేసింది. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో తప్పు గీత ఒక్కటి గీసి ఎరగదు. ఈ మాట మా కొట్టుకొచ్చే ప్రతివాళ్ళకీ చెబుతాను. నమ్మినవాళ్ళకి జిరాక్స్ నల్లగా, నిగనిగలాడుతూ వస్తుంది. నమ్మనివాళ్ళకి కాస్త మసగ్గా వస్తుంది. అది మెషిను మహిమ, నా చేతుల్లో ఏం లేదు.

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. నేను మెకానికల్ డిప్లొమా రెండో ఏడాదిలో చదువుకి సెలవిచ్చాను. చదువే నాకు సెలవిచ్చిందని గిట్టనివాళ్ళంటారు. ఇంజనీరింగ్ డ్రాయింగు పరీక్ష నాలుగుసార్లు రాశాను. నాలుగోసారి నేను గీసిన వృత్తాన్ని చూసి లెక్చరరుగారు, "ఇది ఏ పిట్ట గుడ్డు నాయనా?" అనడిగారు. ఆ కాలేజీ నా ప్రతిభకి చాలదని అప్పుడే తేలిపోయింది. ఇప్పుడు పంపుల ఫ్యాక్టరీ గేటుకెదురుగా ప్రింట్ల కొట్టు నడుపుతున్నాను. దుప్పటంత కాగితం మీద ప్రింటు తీసే మెషిను ఈ వీధి మొత్తానికీ నా దగ్గరే ఉంది. ఫ్యాక్టరీ డ్రాయింగులన్నీ నా చేతిమీదుగానే కాగితం ఎక్కుతాయి. ఆ లెక్కన ఏ ఇంజనీరు చూసినన్ని డ్రాయింగులైనా నా ముందు బలాదూరే.

ఇక మా పిన్ని. మా అమ్మకి స్వయానా చెల్లెలు. ఆ ఫ్యాక్టరీ డ్రాయింగు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఉద్యోగం పేరు మగపేరే గానీ, ఆ ఆఫీసులో మగాళ్ళందరూ ఆవిడ స్కేలుకి భయపడేవాళ్ళే. ఆవిడకి ఫ్యాక్టరీలో ముద్దుపేరు 'రూళ్ళకర్ర'. మనిషి కూడా అలాగే ఉంటుంది, సన్నగా, నిటారుగా, ఎక్కడా వంపు లేకుండా. ఆవిడ ఏదైనా గదిలోకి అడుగుపెడితే గోడ మీది పటాలు వాటంతటవే సర్దుకుంటాయి. మొదటిసారి బాబాయిని చూసినప్పుడు ఆవిడన్న మొదటి మాట, "మీ కాలరు ఎడమవైపు రెండు మిల్లీమీటర్లు కిందకుంది." బాబాయి దర్జీ. ఆ చొక్కా తనే కుట్టుకున్నాడు. పౌరుషం పొడుచుకొచ్చి టేపు తీసి అక్కడే కొలిచాడు. రెండే. ఇక ఈ మనిషిని వదిలితే తన వృత్తికే అవమానమని పెళ్ళి చేసుకున్నాడు.

ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు ఆఫీసులో కంప్యూటర్లు లేవు. వాలుబల్ల, ఇంకు పెన్ను, తప్పు గీస్తే గీకడానికి బ్లేడు. అయిదేళ్ళ తర్వాత కంప్యూటరొచ్చింది. దానికి 'ముసలమ్మ' అని పేరు పెట్టారు. అంటే వచ్చిన రోజున పడుచుదే, కానీ పాతికేళ్ళు దాటినా మార్చలేదు. పొద్దున్నే మీట నొక్కితే అది లేచి కూర్చునేలోపు మా పిన్ని కిటికీలో మొక్కలకి నీళ్ళు పోసి, పెన్సిళ్ళన్నీ చెక్కి, నిన్నటి పని మీద ఒకసారి కన్నేసి, ఇంకా టైముంటే ఆకులు తుడిచేది. ఒకసారి అది లేచేలోపు మొక్క మొగ్గ తొడిగిందని నేను చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోయారు.

ఆ ముసలమ్మలోనే ఫ్యాక్టరీ ప్రాణమంతా ఉంది. పాతికేళ్ళుగా తయారైన ప్రతి పంపుకీ, ప్రతి మూతకీ, ప్రతి ఇరుసుకీ డ్రాయింగు అందులోనే. కాకపోతే ఆ ఫైళ్ళు రాసుకున్న ఫార్మాటు ఆ ముసలమ్మకీ, మా పిన్నికీ తప్ప ఈ లోకంలో ఎవరికీ అర్థం కాదు. కొత్త కంప్యూటర్లకి ఇస్తే గుడ్లప్పగించి చూస్తాయి.

చివరికి యాజమాన్యం కళ్ళు తెరిచింది. పాత ఫైళ్ళన్నిటినీ కొత్త ఫార్మాటులోకి మార్చాలని బయటినుంచి ఒకావిడని పిలిపించారు. ముప్పై అయిదేళ్ళావిడ, మెడలో ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్లు. పేరు చెప్పిందేమో గానీ, మేమంతా హెడ్‌ఫోన్లావిడ అనే పిలుచుకున్నాం. ఆవిడ ఒక బుల్లి పెట్టె తెచ్చి ముసలమ్మ పక్కన పెట్టి, రెండిటికీ మధ్య తీగ కట్టింది. మూడు రోజుల్లో డ్రాయింగులన్నీ ఆ గట్టునుంచి ఈ గట్టుకి చేరిపోయాయి.

ఫ్యాక్టరీ మేనేజరుకి పట్టరాని ఆనందం. ఆయన ముద్దుపేరు 'ఉరుము'. గుడ్‌మార్నింగ్ చెప్పినా కిటికీ అద్దాలు గలగలలాడతాయి. ఆయన ఆ సోమవారం పొద్దున డ్రాయింగు ఆఫీసుకొచ్చి రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఒకటి, శుక్రవారం నాడు ముసలమ్మలోని పాత ఫైళ్ళన్నీ చెరిపేసి, దాన్ని పాతసామాన్లకి పంపేస్తున్నారు. రెండు, కొత్త పద్ధతిలో పని తగ్గిపోతుంది కాబట్టి డ్రాయింగు ఆఫీసులో ఇక ఒక్క కుర్చీయే ఉంటుంది. రెండో మనిషి గోడౌనుకి వెళ్ళి సామాన్లు చూసుకోవాలి.

అప్పటికి ఆఫీసులో మిగిలింది ఇద్దరే. ఒకరు మా పిన్ని. రెండోవాడు అర్ధచంద్రం. నెత్తిమీద మిగిలిన జుట్టు ఆకారాన్నిబట్టి వచ్చిన పేరది. మంచివాడు, కాస్త పిరికివాడు, మా పిన్నిని అక్కా అని పిలుస్తాడు.

"కుర్చీ ఎవరికన్నది బుధవారం చెబుతాను. కానీ ఒక్క మాట. తప్పు గీత గీయని చేతికే ఈ కుర్చీ దక్కుతుంది!" అని ఉరిమి, మా పిన్ని వైపు చూసి చిన్నగా నవ్వి వెళ్ళిపోయాడట.

గోడౌను అంటే మీకు తెలియదు. పెద్ద రేకుల షెడ్డు. కిటికీ అన్న మాటే లేదు. అక్కడ మొక్క బతకదు. గీయడానికి ఏమీ ఉండదు. ఇనుము వచ్చిందా, ఇనుము వెళ్ళిందా, అంతే. మా పిన్ని అక్కడికి వెళ్ళడమంటే చేపని తీసుకెళ్ళి చెట్టెక్కించడమే. అందుకని ఉరుముగారి ఆ చిన్న నవ్వు చూశాక ఆవిడ ఆ మధ్యాహ్నం మా కొట్టుకి హుషారుగా వచ్చింది. కొత్త ఫార్మాటులోకి మారిన డ్రాయింగుల్లో ఓ వంద, మచ్చుకి ప్రింటు తీయమని నాకు పంపారు. అవి తీసుకెళ్ళడానికొచ్చిందన్నమాట.

"ఏరా, ప్రింట్లు సరిగ్గా తీశావా, లేక నీ పిట్టగుడ్లు కలిపావా?"

"పిన్నీ, ఇలాంటి ప్రింట్లు దేవలోకంలో కూడా తీయరు. చూసుకో."

ఆవిడ కౌంటరు మీద ఒక్కో కాగితం పరుస్తూ చూస్తోంది. ఒకటి, రెండు, పది. పదకొండో కాగితం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది బేరింగు మీద బిగించే మూత తాలూకు డ్రాయింగు. గుండ్రటి మూత, చుట్టూ బోల్టు రంధ్రాలు. పిన్ని హ్యాండ్‌బ్యాగు లోంచి స్కేలు తీసి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

నేను ముందే అడ్డుపడ్డాను. "మెషినుది తప్పేమో పిన్నీ, కాగితం తేమకి సాగుతుంది, నిన్న వాన..."

"నీ మెషిను బానే ఉందిరా. ఎదురెదురు రంధ్రాల మధ్య నూట ముప్పై ఎనిమిది అని రాసుంది. కొలిస్తే సరిగ్గా నూట ముప్పై ఎనిమిదే ఉంది."

"సరిపోయిందిగా మరి!"

"సరిపోయింది కాబట్టే తప్పు. ఇది నూట నలభై రెండు ఉండాలి."

కుర్చీ లాక్కుని కూర్చుంది. మా కొట్టులో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి అని ఎప్పుడూ నిలబడే ఉంటుంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. నాలాంటి మహామేధావికే రెండుసార్లు చెప్పాల్సొచ్చింది కాబట్టి మీకు నిదానంగా చెబుతాను.

పాతరోజుల్లో ఫోర్‌మన్ పరిగెత్తుకొచ్చేవాడట. "అమ్మా, మూత మెషినెక్కించేశాను, రంధ్రాలు నూట ముప్పై ఎనిమిదిలో పెడితే పంపు గోడకి తగులుతున్నాయి, నూట నలభై రెండు చేసివ్వండి, తొందరగా!" డ్రాయింగులో మూత మొత్తం సరిగ్గా మళ్ళీ గీయాలంటే ముసలమ్మ మీద గంట పని. కానీ అంకె ఒక్కటే చెరిపి కొత్త అంకె టైపు చేయడం అర నిమిషం పని. గీత అలాగే ఉంటుంది, దాని మీది అంకె మాత్రం మారుతుంది. అలా చేసినప్పుడు అంకె కింద ఒక సన్న గీత పెట్టేవాళ్ళు. 'బొమ్మని నమ్మకు, అంకెని నమ్ము' అని దాని అర్థం. మెషిను మీద పనిచేసేవాళ్ళందరికీ ఆ గుర్తు తెలుసు.

"రేపు తీరిగ్గా మళ్ళీ గీద్దాంలే అనుకునేదాన్నిరా. రేపటికి రేపటి ఫోర్‌మన్ వచ్చేవాడు."

ఇప్పుడు ఈ బుల్లి పెట్టె ఏం చేసిందంటే, అంకెల్ని పట్టించుకోలేదు. గీతలు కొలిచి, ఎంత పొడుగుంటే అంత అంకె తనే కొత్తగా వేసేసుకుంది. అంకె కింది సన్న గీతల్ని ఏవో చెత్త తునకలనుకుని శుభ్రంగా ఊడ్చేసింది. బయటికి చూస్తే డ్రాయింగులు అద్దంలా ఉన్నాయి. ఎక్కడా మచ్చ లేదు. ఏ ముక్కలో ఏ అంకె మారిపోయిందో కొత్త ఫైళ్ళు చూసి ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చెప్పగలిగేది పాత ఫైళ్ళొక్కటే. అవి శుక్రవారం మాయం.

"నాలుగు మిల్లీమీటర్లేగా పిన్నీ" అన్నాన్నేను, ధైర్యం చెబుదామని.

"కాగితం మీద చీమంత. ఇనుము మీద కొండంత. ఈ మూత ఇలాగే పోతపోస్తే ఒక్క బోల్టు కూడా దూరదు."

"ఇలాంటివి ఎన్నున్నాయి?"

పిన్ని కిటికీలోంచి ఫ్యాక్టరీ గేటు వైపు చూసింది. "నావి అరవై" అంది.

మా పిన్ని గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు ఆ రోజే తెలిసింది.

మంగళవారం నేను మిగతా ప్రింట్లు ఇవ్వడానికి డ్రాయింగు ఆఫీసుకెళ్ళాను. అక్కడ గోడ మీద ఒక పటం ఉంటుంది. పాత పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌ది. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. మా పిన్నికి గీయడం నేర్పిన గురువు. 'గీత అబద్ధమాడకూడదు' అని రోజుకి పదిసార్లు అనేవాడట. పటంలో కూడా ఆయన చూపు సూటిగా మనం చేస్తున్న పని మీదే పడుతుంది. ఆ పటం కిందే పిన్ని, అర్ధచంద్రం గుసగుసలాడుకుంటున్నారు. నేను వచ్చిన అలికిడికి అర్ధచంద్రం ఉలిక్కిపడ్డాడు.

"వాడేలే, చెప్పు" అంది పిన్ని.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఈ తుట్టెని కదపకు. రేపు నిన్ను కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఇప్పుడెళ్ళి నేను అరవై అబద్ధపు గీతలు గీశానని చెబుతావా? ఉరుముగారు నిన్ను గోడౌనుకి కాదు, నేరుగా ఇంటికి పంపిస్తాడు."

"రేపు మూత బిగియకపోతే?"

"అప్పుడు చూసుకుందాం. కంప్యూటరు మీదకి నెట్టేద్దాం. అదేమన్నా నోరు విప్పి చెబుతుందా?"

"నీవి కూడా ఉన్నాయా తమ్ముడూ?"

అర్ధచంద్రం నెత్తి తడుముకున్నాడు. "నావా? నావెక్కడివి? అబ్బే. నేనెప్పుడూ మళ్ళీ గీసేవాణ్ణి, మొదటినుంచీ" అని ఒక్క గుక్కలో మూడు అబద్ధాలాడి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పిన్ని ఇంటికెళ్ళాను. ఇల్లంటే రెండు గదులు, ముందు గది బాబాయి కుట్టు కొట్టు. కత్తెర చప్పుడు, ఇస్త్రీపెట్టె ఆవిరి, మేకుకి వేలాడే కాగితాలు. అవి ఒక్కో ఖాతాదారు కొలతలకి కత్తిరించి పెట్టుకున్న కాగితం నమూనాలు. కాగితాన్ని బట్ట మీద పరిచి, అంచు వెంబడి కత్తిరించడమే. పిన్ని సంగతంతా చెప్పింది. బాబాయి మిషను ఆపి విన్నాడు. ఆయన మిషను ఆపాడంటే విషయం పెద్దదని అర్థం.

"ఏమోయ్, బ్యాంకాయన పాంటు గుర్తుందా?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "బాబాయ్, ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"కూర్చోరా, అందరికీ తెలిసిందేగా."

అందరికీ తెలిసిందే కాబట్టి మీకూ చెబుతాను. చదువు మానేసిన కొత్తలో నేను బాబాయి దగ్గర కొన్నాళ్ళు కత్తెర పట్టాను. ఒకరోజు బాబాయికి జ్వరం. బ్యాంకు మేనేజరుగారి పాంటు అర్జంటు. నేను మేకు మీది కాగితం తీసి, బట్ట మీద పరిచి, అంచు వెంబడి గీతకి గీత కత్తిరించి కుట్టేశాను. ఆయనొచ్చి తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, ఊపిరి వదిలాడు. నడుం బొత్తాం తుపాకీగుండులా వెళ్ళి గోడగడియారానికి తగిలింది. అది నాలుగూ పదికి ఆగిపోయింది. ఇప్పటికీ మా బాబాయి కొట్టులో టైము నాలుగూ పదే.

"ఆ కాగితం ఎనిమిదేళ్ళ కిందటిది. మధ్యలో ఆయన నడుం నాలుగంగుళాలు పెరిగింది. పెరిగినప్పుడల్లా నేను కొత్త కాగితం కత్తిరించకుండా మూల మీద పెన్సిలుతో అంకె రాసుకున్నాను. నేను కత్తిరిస్తే ఆ అంకె చూసుకుని వదులుగా కత్తిరిస్తాను. వీడికేం తెలుసు? వీడికి కనిపించింది అంచు."

"ఆ రోజు నన్ను ఊరు దద్దరిల్లేలా తిట్టావు బాబాయ్."

"తిట్టాన్రా. తప్పు నీదని కాదు, నాదని ఒప్పుకోవడం చేతకాక తిట్టాను. తర్వాత ఆయనకి నిజం చెప్పేశాను. కాగితం పాతదండీ, మార్చకపోవడం నా బద్ధకమండీ అని."

పిన్ని తలెత్తింది. "ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు, ఇప్పటికీ మన దగ్గరే కుట్టించుకుంటున్నాడుగా. నడుం మాత్రం ఇంకో రెండంగుళాలు పెరిగింది."

పిన్ని నవ్వింది. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది కూడా. "మీ బ్యాంకాయనకి ఇంకో దర్జీ దొరుకుతాడు. నాకు ఇంకో కిటికీ దొరకదండీ" అంది.

బాబాయి మిషను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

బుధవారం పదకొండింటికి డ్రాయింగు ఆఫీసులో సభ. టీ, బిస్కెట్లు. గోడ మీద పెద్ద తెర. నాకు పిలుపు లేదు. కానీ ప్రింట్లు ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలని వెళ్ళి, ఆ సంతకం కోసం గంటన్నర వెతుక్కుంటూ అక్కడే ఉండిపోయాను.

ఉరుముగారు లేచాడు. కప్పుల్లో టీ వణికింది. "పదకొండు వేల ఆరు వందల నలభై డ్రాయింగులు! ఒక్కటి కూడా పోకుండా కొత్త ఫార్మాటులోకి వచ్చేశాయి! ఇక కుర్చీ సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళు. ఒక్క తప్పు గీత లేదు. అలాంటి చెయ్యి ఈ ఆఫీసులో ఒక్కటే..."

"సార్, ఒక్క నిమిషం" అంది పిన్ని.

"చప్పట్లు అయ్యాక మాట్లాడుదువుగానమ్మా."

"చప్పట్లకి ముందే చెప్పాలి సార్."

లేచి నిలబడింది. చెప్పేసింది. ఫోర్‌మన్ పరుగు, అర నిమిషం పని, అంకె కింద సన్న గీత, బేరింగు మూత, నూట ముప్పై ఎనిమిది, నూట నలభై రెండు. "నావి అరవై ఉంటాయి సార్. కొన్నిట్లో తొందరలో అంకె కింద గీత కూడా పెట్టలేదు. అవి మరీ తప్పు. శుక్రవారం పాత ఫైళ్ళు చెరిపేస్తే అసలు అంకెలు ఇక దొరకవు. కుర్చీ ఎవరికిచ్చినా సరే. ఫైళ్ళు చెరపకండి."

అర్ధచంద్రం చేతిలో బిస్కెట్టు టీలో మునిగి, కరిగి, అడుక్కి చేరిపోయింది. ఆయన ఇంకా ఉత్త వేళ్ళు ముంచుకుంటున్నాడు.

అప్పుడు ఉరిమాడు ఉరుము. "బొమ్మ ఒకటి, అంకె ఒకటా! ఇది డ్రాయింగు ఆఫీసా, జ్యోతిషమా! ఇలాంటి పని ఈ ఫ్యాక్టరీలో ఎవరు చేసినా, ఎప్పుడు చేసినా, క్షమించే ప్రసక్తే లేదు! ఎవరైనా సరే, నేరుగా గోడౌనుకే!"

పిన్ని రూళ్ళకర్రలా నిలబడే ఉంది. నేను మాత్రం కుక్కిన పేనునైపోయాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న అరుదైన క్షణాల్లో అదొకటి.

హెడ్‌ఫోన్లావిడ చెయ్యెత్తింది. "ఒక్క మాట. చేత్తో అంకె టైపు చేస్తే పాత ఫైల్లో దానికి వేరే గుర్తు పడుతుంది. వెతకమంటే పెట్టె నిమిషంలో వెతికేస్తుంది. ఇలాంటిది ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అందుకే దాన్ని వెతకమని నేను అడగలేదు." పిన్ని వైపు తిరిగింది. "మీరు ఇప్పుడు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదండీ."

"వెతకండి! ఇప్పుడే! తెర మీదే!" అన్నాడు ఉరుము. "ఎవరెవరు గీశారో పేర్లతో సహా!"

డ్రాయింగు మూలన గీసినవాళ్ళ పొడి అక్షరాలుంటాయి. ఆవిడ ఏవో నాలుగు మీటలు నొక్కింది. తెర మీద వరసలు పరుగులు తీశాయి. మూలన లెక్క పెరుగుతోంది. అరవై దగ్గర ఆగలేదు. వంద దాటింది. రెండొందలు. మూడొందలు. నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగింది.

"అమ్మా, అరవై అన్నావ్!" అన్నాడు ఉరుము, పిడుగు పడ్డట్టు.

"మనుషుల వారీగా విడగొడతాను" అంది హెడ్‌ఫోన్లావిడ.

విడగొట్టింది. అర్ధచంద్రం, తొంభై ఏడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి వెంటనే నెత్తి మీదికి పోయింది. ఎప్పుడో రిటైరైపోయిన ఇద్దరు, డెబ్భై రెండు. మా పిన్ని, అరవై ఒకటి. ఆ కింద వరసలో మరో పొడి అక్షరాలు, నూట నలభై ఎనిమిది. ఆ అక్షరాలు చూసి పిన్ని మెల్లగా తల తిప్పి గోడ మీది పటం వైపు చూసింది. అందరమూ చూశాం. గీత అబద్ధమాడకూడదన్న పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. ఆ రోజు మాత్రం ఆయన చూపు మా పని మీద లేదు, కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు. ఒట్టు.

"ముప్పై నాలుగు మిగిలాయి. ఈ అక్షరాలు ఎవరివో నాకు తెలీదు" అంది హెడ్‌ఫోన్లావిడ అమాయకంగా.

నాకు తెలుసు. ఆ ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ప్రతి నోటీసు కింద సంతకంలో ఉండేవే. ఉరుముగారు మేనేజరు కాకముందు ఆరేళ్ళు అదే ఆఫీసులో, అదే ముసలమ్మ మీద గీసిన మనిషే మరి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ అన్న సామెత నాకు నాలిక చివరిదాకా వచ్చింది. ఎంతో కష్టపడి మింగాను.

ఉరుముగారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. టీ తాగాడు. కప్పు కింద పెట్టాడు. మళ్ళీ ఖాళీ కప్పు తాగాడు. తర్వాత వచ్చిన గొంతు ఎంత మెల్లగా ఉందంటే, కిటికీ అద్దాలు ఆశ్చర్యపోయాయి.

"ఆ వాల్వు బాడీ... అది కూడా ఉందా ఇందులో?"

"ఉంది సార్" అంది హెడ్‌ఫోన్లావిడ.

"మర్నాడు మళ్ళీ గీద్దామనుకున్నాను" అన్నాడాయన.

"మేమూ అంతే సార్" అంది పిన్ని.

మొదట నవ్వింది ఎవరో నాకు తెలియదు. అర్ధచంద్రమే అయ్యుంటాడు, ఏడుపులా మొదలై నవ్వైంది. తర్వాత గది గదంతా నవ్వింది. పాతికేళ్ళుగా ఆ ఆఫీసులో ప్రతివాళ్ళూ మర్నాడు మళ్ళీ గీయకుండా వదిలేసింది తామొక్కరమేననుకుని, పక్కవాళ్ళ గీత చూసి కుళ్ళుకుంటూ బతికారు.

"ఇప్పుడు ఈ నాలుగు వందల పన్నెండూ ఎవరు సరిచేయాలి?" అన్నాడు ఉరుము, మళ్ళీ కాస్త గొంతు తెచ్చుకుని.

"ఎవరివి వాళ్ళే సార్" అంది పిన్ని. "పోయినవాళ్ళవీ, రిటైరైనవాళ్ళవీ నేను చూసుకుంటాను."

"అంటే నేను కూడానా?"

పిన్ని పక్క కుర్చీ మీది దుమ్ము దులిపి ఇటు జరిపింది.

ముసలమ్మకి మూడు నెలలు గడువిచ్చారు. పిన్ని చెప్పినట్టే జరిగింది. ఉరుముగారు రోజూ సాయంత్రం నాలుగింటికి కోటు విప్పి, పిన్ని పక్కన కూర్చుని తన ముప్పై నాలుగూ గీశాడు. కొత్త కంప్యూటరు మీద ఆయన గీసిన మొదటి వృత్తం నేను చూశాను. నాకు మా లెక్చరరుగారు గుర్తొచ్చారు. "సార్, ఇది ఏ పిట్టది?" అని అడిగాను. అప్పటినుంచీ నన్ను ఆఫీసులోకి రానివ్వడం లేదు, ప్రింట్లు గేటు దగ్గరే ఇచ్చి పోవాలి.

కుర్చీ సంగతా? "ఎవరెక్కడ ఏం దాచారో ఇప్పుడు నీకొక్కదానికే తెలుసు, నిన్ను గోడౌనుకి పంపి నేను నిద్రపోలేను" అని ఉరుముగారే పిన్నికిచ్చాడు. కిటికీ ఉంది. మొక్కలున్నాయి. అర్ధచంద్రం పొద్దుటిపూట గోడౌన్లో, మధ్యాహ్నం తన తొంభై ఏడు గీతల దగ్గర. గోడౌన్లో టీ బాగుంటుందట.

బేరింగు మూత కొత్త డ్రాయింగు ప్రకారం పోతపోసి వచ్చిన రోజున పిన్ని నన్ను గేటు దగ్గరికి పిలిచి చూపించింది. బోల్టు రంధ్రంలో వేసి వదిలింది. టక్కున దిగిపోయింది. ఆ చప్పుడు విని ఆవిడ మొహంలో వెలిగిన వెలుగుకి గేటు దగ్గరి దీపం సిగ్గుపడి ఆరిపోయింది. ఇందులో దీపం ముక్క నేను కలిపాను, మిగతాదంతా నిజం.

ఇదంతా రాసి, మంచి కాగితం మీద ప్రింటు తీసి, నిన్న పిన్నికి చదవమని ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్సిలు చేతపట్టుకుని, మొదటి పేరా దగ్గరే ఆగి నా వైపు చూసింది.

"పంపులు కాదురా, డ్రాయింగులు. ఇరవై మూడు వేలు కాదు, పదకొండు వేల ఆరు వందల నలభై. మార్చింది నేను కాదు, ఆవిడ పెట్టె. తప్పు గీతలు నావి అరవై ఒకటి. అరవై అని చెప్పాను. ఒకటి మర్చిపోయాను. వాషరు."